గ్రౌండూ ఆయనదే.. జట్టూ ఆయనదే!

బ్యాటు తెచ్చినవాడిదే ఫస్ట్ బ్యాటింగ్. మార్కాపురం అయినా, గిద్దలూరు అయినా గల్లీ క్రికెట్‌లో ఈ రూల్ మీకు తెలిసిందే కదా! ఇదే రూల్‌తో టీమిండియా కెప్టెన్ అయిన తెలుగు రాజకుమారుడి కథ ఇది. పేరు విజయ ఆనంద గజపతి రాజు. క్రికెట్ లోకానికి విజ్జీ.

1905లో విజయనగరం రాజవంశంలో పుట్టారు. 1926లో కాశీలోని తన ప్యాలెస్ ఆవరణలో సొంత గ్రౌండ్ వేయించి, సొంత జట్టు కట్టారు. గ్రౌండ్ అద్దె అడిగేవాళ్లు లేరు. పిచ్ ఖర్చు, ఆటగాళ్ల ఖర్చు అంతా ఒకే జేబులోంచి. 1930-31లో ఇంగ్లండ్ దిగ్గజాలు హాబ్స్, సట్‌క్లిఫ్‌లను రప్పించి తన జట్టులోనే ఆడించారు.

చిక్కల్లా ఇక్కడే. డబ్బంతా ఒకరిదే అయితే తప్పు చెప్పేవాళ్లుండరు. 1936 ఇంగ్లండ్ టూర్‌కు సి.కె.నాయుడు జట్టులో ఉండగానే విజ్జీ కెప్టెన్ అయ్యారు. మూడు టెస్టుల్లో ఆయన చేసింది 33 పరుగులు. లాలా అమర్‌నాథ్‌ను టూర్ మధ్యలోనే ఇంటికి పంపేశారు. సిరీస్ 0-2తో పోయింది. తర్వాత 1954లో క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యారు. 1965లో కన్నుమూశారు.

ఇప్పుడు లెక్క వేరు. ఉప్పల్ స్టేడియం హెచ్‌సీఏ చేతిలో ఉంది, సన్‌రైజర్స్ సన్ టీవీది. మ్యాచ్‌కు గ్రౌండ్ ఇచ్చినందుకు జట్టు డబ్బు కడుతుంది. పేచీలొస్తాయి, నిజమే. కానీ లెక్క అడిగే రెండోవాడు ఉంటాడు.

ఆఫర్ లెటర్ చేతికొచ్చాక జీతం ఒక్కటే చూడకండి. డబ్బు ఎవరిది, నిర్ణయం ఎవరిది, తప్పని చెప్పే హక్కు ఎవరికుంది? ఈ మూడూ కనుక్కున్నాకే సంతకం పెట్టండి.