సిడ్నీ రింగర్

సిడ్నీ రింగర్ ఇంగ్లాండుకు చెందిన వైద్యుడు, శరీరధర్మ శాస్త్రవేత్త. ఆసుపత్రులలో రోగులకు ఎక్కించే రింగర్ లాక్టేట్ సెలైనుకు ఆ పేరు ఈయన వలననే వచ్చింది. గుండె స్పందనకు కాల్షియం అవసరమని మొదట నిరూపించినది ఈయనే. జీవకణాలలో కాల్షియం సంకేతంగా పనిచేసే తీరుపైన, క్యాన్సర్‌తో దానికి గల సంబంధంపైన తరువాత జరిగిన పరిశోధనలకు ఈయన కృషి నాంది పలికింది.

జీవితం

రింగర్ 1830వ దశకంలో నార్విచ్ నగరంలో ఒక వర్తక కుటుంబంలో జన్మించాడు. 1854లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో చేరి, 1860లో వైద్య పట్టా పొందాడు. 1900లో పదవీ విరమణ చేసేవరకు ఆ కాలేజీ ఆసుపత్రిలోనే వైద్యుడిగా, ఆచార్యుడిగా పనిచేశాడు. 1869లో చికిత్సా విధానాలపై ఈయన రచించిన గ్రంథం అనేక ముద్రణలు పొందింది. 1885లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. రోగులను చూస్తూనే తీరిక వేళలలో ప్రయోగశాలలో పరిశోధనలు సాగించాడు.

కుళాయి నీటి పొరపాటు

రింగర్ కప్ప గుండెను శరీరం నుండి వేరుచేసి, ఉప్పు ద్రావణంలో అది ఎంతసేపు కొట్టుకుంటుందో పరిశీలించేవాడు. ద్రావణం స్వేదన జలంతో తయారైందని భావించి 1882లో ఫలితాలను ప్రచురించాడు. అయితే నిజంగా స్వేదన జలం వాడినప్పుడు గుండె త్వరలోనే బలహీనపడి ఆగిపోయింది. విచారించగా, మొదటి ద్రావణాన్ని న్యూ రివర్ కంపెనీ సరఫరా చేసిన కుళాయి నీటితో కలిపినట్లు తేలింది. ఆ నీటిలో స్వల్పంగా ఉన్న కాల్షియమే గుండెను నడిపించింది. 1883లో ప్రచురించిన వ్యాసంలో రింగర్ తన పొరపాటును బహిరంగంగా అంగీకరించి, ప్రయోగాలను మరల చేసి, కాల్షియం పాత్రను నిరూపించాడు. సోడియం, పొటాషియం, కాల్షియం లవణాలు తగు పాళ్ళలో గల ఆ ద్రావణానికే రింగర్ ద్రావణమని పేరు. 1930వ దశకంలో అమెరికా శిశువైద్యుడు అలెక్సిస్ హార్ట్‌మన్ దానికి లాక్టేటును చేర్చాడు.

విశ్రాంత జీవితంలో రింగర్ యార్క్‌షైర్‌లోని లాస్టింగ్‌హామ్ గ్రామంలో నివసించి, 1910 అక్టోబరు 14న మరణించాడు.

కాల్షియం, గ్రాహకాలు, క్యాన్సర్

కాల్షియం పాత్ర గుండెకే పరిమితం కాదని తరువాతి పరిశోధనలలో తేలింది. కణం వెలుపల కంటే లోపల స్వేచ్ఛా కాల్షియం దాదాపు పదివేల రెట్లు తక్కువగా ఉంటుంది. కణ ఉపరితలంపై గల గ్రాహకాలు ప్రేరేపించబడినప్పుడు లోపలి నిల్వల నుండి కాల్షియం విడుదలవుతుంది. కణం విభజన చెందడం, కదలడం, మరణించడం వంటి చర్యలను ఈ హెచ్చుతగ్గులు ప్రభావితం చేస్తాయి.

1993లో ఎడ్వర్డ్ బ్రౌన్, స్టీవెన్ హెబర్ట్ బృందం ఆవు పారాథైరాయిడ్ గ్రంథిలో, కాల్షియంనే గుర్తించే గ్రాహకాన్ని కనుగొన్నది. ఇది క్యాన్సర్‌లో రెండు విధాలుగా ప్రవర్తిస్తుంది. పెద్దప్రేగు కణాలలో ఇది అదుపులేని విభజనను అడ్డుకుంటుంది. అనేక పెద్దప్రేగు క్యాన్సర్‌లలో ఇది తగ్గిపోవడమో, లోపించడమో జరుగుతుంది. ఎముకలకు వ్యాపించిన రొమ్ము క్యాన్సర్‌లో దీని పాత్ర ఇందుకు విరుద్ధం కావచ్చు. క్యాన్సర్ కణాలు స్రవించే పదార్థం వలన ఎముక కరిగి కాల్షియం వెలువడుతుంది. ఆ కాల్షియం ఈ గ్రాహకం ద్వారా అదే పదార్థపు స్రావాన్ని మరింత పెంచుతుందని ప్రయోగాలు సూచించాయి. ఒకే గ్రాహకం ఒకచోట కళ్ళెంగా, మరొకచోట ప్రేరకంగా ఉండటం వలన దీని ఆధారంగా క్యాన్సర్ చికిత్సను రూపొందించడం క్లిష్టమైన పని.