మాట పడిపోయిన మహాపండితుడు

ఉన్న ఊరు విడవాలన్నా, చేస్తున్న పని మానాలన్నా మనకు గుండె దడ పుడుతుంది. రేపు చూద్దాంలే అని వాయిదా వేస్తాం. ఇలాంటి ఘడియ ఇమామ్ గజాలీ (రహ్మలై) అంతటి వారికీ తప్పలేదని తెలిస్తే మనకు కాస్త ధైర్యం కలుగుతుంది.

ఆయన క్రీ.శ. 1058 ప్రాంతంలో, నేటి ఇరాన్‌లోని తూస్‌లో జన్మించారు. చిన్ననాటనే తండ్రి కన్నుమూశారు. ఆయననూ తమ్ముడు అహ్మద్‌నూ తండ్రి మిత్రుడైన ఒక సూఫీ సాకారు. ఉన్న డబ్బు అయిపోగానే, తిండీ వసతీ దొరికే మద్రసాలో చేరమని ఆయన పిల్లలకు సలహా ఇచ్చారు. అలా పొట్టకూటి కోసం మొదలైన చదువు నిషాపూర్‌లో ఇమామ్ జువైనీ శిష్యరికం దాకా సాగింది. 1091లో సెల్జుక్ మంత్రి నిజాముల్ ముల్క్ ఆయనను బాగ్దాద్‌లోని నిజామియా విద్యాపీఠానికి ఆచార్యునిగా నియమించాడు. మూడు వందల మంది విద్యార్థులు ఆయన బోధన వినేవారు.

1095లో ఆయన తన మనసును తానే నిలదీశారు. ఈ బోధన అల్లాహ్ ప్రసన్నత కోసమా, పేరుప్రతిష్ఠల కోసమా? లోపలి నుంచి వచ్చిన జవాబు ఆయనను వణికించింది. వెళ్ళిపోవాలని పొద్దున అనుకునేవారు, సాయంత్రానికి మనసు మారేది. దాదాపు ఆరు నెలలు ఇదే ఊగిసలాట. చివరికి ఒకనాడు పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. అన్నం గొంతు దిగలేదు. ఇది మనోవ్యాధి అని హకీములు చేతులెత్తేశారు. నిస్సహాయుడై అల్లాహ్‌ను వేడుకున్నాక, వదులుకోవడం ఆయనకు తేలికయింది.

పిల్లల పోషణకు చాలినంత ఉంచి, మిగిలిన ఆస్తిని పంచిపెట్టారు. మక్కా వెళుతున్నానని చెప్పి డమాస్కస్ చేరారు. అక్కడి పెద్ద మసీదు మినారులో తలుపు వేసుకుని రోజుల తరబడి ధ్యానంలో గడిపారు. తర్వాత బైతుల్ మఖ్దిస్ దర్శించి, హజ్ నెరవేర్చారు. పిల్లల పిలుపు విని ఇల్లు చేరారు. అక్కడా సంసార బాధ్యతలు, బతుకుతెరువు చింతలు ఆయన ఏకాంతాన్ని చెదరగొడుతూనే ఉండేవి. ఆయన మహాగ్రంథం 'ఇహ్యా ఉలూముద్దీన్' ఆ సంవత్సరాల్లోనే రూపుదిద్దుకుంది.

1106లో ఆయన నిషాపూర్‌లో మళ్ళీ బోధనాపీఠం ఎక్కారు. పని పాతదే, నియ్యత్ మాత్రం కొత్తది. ఆ తర్వాత తూస్‌కు తిరిగివచ్చి, 1111 డిసెంబరులో అక్కడే తుదిశ్వాస విడిచారు.

మనం గమనించవలసింది ఇదే. మార్పు ఒక్క రాత్రిలో రాదు. తడబాటు పాపం కాదు. మార్పు కోసం బయలుదేరేవారు ఆలుబిడ్డలను గాలికి వదలనక్కరలేదు. కొన్నిసార్లు మనం మారవలసింది ఊరూ కాదు, ఉద్యోగమూ కాదు. ఏ ఉద్దేశంతో ఆ పని చేస్తున్నామన్నదే మారాలి. ఆ సంగతి మనసును అడిగే ధైర్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.