యంత్రమునకు మాటలు నేర్పిన గ్రేస్ హాపర్

నేడు బ్యాంకులందును, రైలు టిక్కెట్టు గదులందును కంప్యూటరు లేనిదే పని జరుగదు. అయినను ఆ యంత్రము తనంత తానేమియు నెరుగదు. చేయవలసిన పనిని మెట్టు మెట్టుగా విడదీసి, ఆజ్ఞల వరుసగా దానికి అందింపవలెను. ఆ వరుసకే ప్రోగ్రామని పేరు. తొలిదినములలో ఈ ఆజ్ఞలు కేవలము అంకెలలో నుండెడివి. వానిని మనుష్యుల మాటలలో వ్రాయవచ్చునని పట్టుబట్టి నిరూపించిన విదుషీమణి గ్రేస్ హాపర్. ఆమె చరిత్రము మన బాలబాలికలు తెలిసికొనదగినది.

గ్రేస్ 1906 డిసెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున, అలారము గడియారము ఎట్లు మ్రోగునో చూడగోరి దానిని విప్పెను. మరల బిగించుట తెలియక, ఇంకొకదానిని విప్పి చూచెను. ఇట్లు ఇంటిలోని ఏడు గడియారములు విడిపోయిన పిమ్మట తల్లి కనుగొనెను. ఆ తల్లి బిడ్డను దండింపలేదు. ఇకమీదట ఒక్క గడియారముతో తృప్తిపడుమని మాత్రము కట్టడి చేసెను.

ఆమె వాసర్ కళాశాలలో గణితము, భౌతికశాస్త్రము చదివి 1928లో పట్టము పొందెను. 1930లో విన్సెంట్ హాపరును వివాహమాడెను. 1934లో యేల్ విశ్వవిద్యాలయమువారు ఆమెకు గణితమున డాక్టరు పట్టము నొసగిరి. వాసర్‌లోనే ఆమె గణితము బోధించుచుండెను.

అంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. 37 ఏండ్ల వయసు, నియమమునకు చాలని బరువు అడ్డువచ్చినను, ప్రత్యేకానుమతి పొంది ఆమె నౌకాదళమున చేరెను. 1944లో హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి మార్క్ 1 అను గణనయంత్రము వద్ద ఆమెను నియమించిరి. అది 51 అడుగుల పొడవు గలది. కాగితపు పట్టీపై రంధ్రములు పొడిచి దానికి ఆజ్ఞల నిచ్చెడివారు.

అక్కడివారు సరిగా పనిచేసిన ఆజ్ఞల తునకలను నోటుపుస్తకములలో వ్రాసియుంచుకొని, అవసరమైనపుడు ఒకరి పుస్తకమునుండి వేరొకరు ఎత్తివ్రాసికొనెడివారు. ఎత్తివ్రాయునపుడు ఒక అంకె తప్పిన చాలు, లెక్క యంతయు చెడెడిది. విసుగుపుట్టించు ఈ పనిని యంత్రమే ఎందులకు చేయరాదని హాపర్ యోచించెను. 1949లో ఎకర్ట్-మాక్లీ కంప్యూటర్ సంస్థలో చేరిన పిదప ఆ యోచన ఫలించెను. తునకలకు సంఖ్యలిచ్చి, పిలిచినంతనే యంత్రమే వానిని వెదకి కూర్చునట్లు 1952లో ఆమె సిద్ధపరచిన ప్రోగ్రామునకు ఏ-0 అని పేరు. దానిని ఆమె కంపైలరని పిలిచెను. యంత్రము కూడికలు చేయునేగాని ప్రోగ్రాములు కూర్చునాయని పలువురు మొదట నమ్మలేదు.

ఆమె అంతటితో నిలువలేదు. వర్తకపు లెక్కలు చూచువారు గణితచిహ్నములకు జంకుదురని గమనించి, ఇంగ్లీషు మాటలలో ఆజ్ఞలు వ్రాయు పద్ధతిని ప్రతిపాదించెను. అధికారులకు చూపుటకై ఒకే ప్రోగ్రామును ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను భాషలు మూడింటను నడిపించెను. అమెరికాలో చేసిన యంత్రమునకు పరభాషలు తెలియుటేమని వారు కలవరపడిరి! చివరకు ఇంగ్లీషుతోనే సరిపెట్టుదుమని ఆమె బృందము మాట ఈయవలసి వచ్చెను. కాని సత్యము వేరు. యంత్రమునకు ఏ భాషయు స్వభాష కాదు. ఏ మాటయైనను దానికి సంకేతముల వరుసయే.

ఆ కృషి నుండి ఫ్లో-మాటిక్ అను ప్రోగ్రాము భాష పుట్టినది. 1959లో ఒక సంఘము కోబాల్ అను భాషను రూపొందింప బూనినపుడు దానికి ముఖ్యాధారము ఫ్లో-మాటిక్కే. హాపర్ ఆ సంఘమునకు సలహాదారుగా నుండెను. కోబాల్‌లో వ్రాసిన ప్రోగ్రాములు నేటికిని ఎన్నియో బ్యాంకులలో నడచుచున్నవి.

1966లో నౌకాదళము ఆమెకు విశ్రాంతి నిచ్చెను. మరుసటి ఏడే తిరిగి పిలిచెను. 1986లో 79 ఏండ్ల వయసున రియర్ అడ్మిరల్ పదవినుండి విరమించెను. ఆమె చివరివరకు ఉపాధ్యాయినియే. సెకండులో నూరుకోట్లవ వంతు కాలమున కాంతి ఎంతదూర మేగునో చూపుటకు, ఇంచుమించు అడుగు పొడవుగల తీగముక్కలను సభలలో పంచిపెట్టెడిది. 1992 జనవరి 1న స్వర్గస్థురాలయ్యెను.

తెలుగులో చదివిన బిడ్డ యంత్రవిద్యకు పనికివచ్చునాయని కొందరు తల్లిదండ్రులు మమ్మడుగుచుందురు. ఇంటిలో ఒక భాష, అంగడిలో వేరొక భాషగా బ్రతుకు మనకు ఆ భయము సహజమే. ప్రోగ్రాము భాషలలో ఇంగ్లీషు మాటలు అధికమన్నది నిజము, వానిని నేర్వవలసినదే. కాని పనిని మెట్లుగా విడదీయు నేర్పు ఆ మాటలలో లేదు. అది ఆలోచనలో నున్నది. ఆలోచన తల్లిభాషలోనే చక్కగా సాగును. 1991లో వెలువడిన యూనికోడ్ పట్టికలో మన అక్షరములకును అంకెలు నిర్ణయింపబడినవి. ఇక విప్పిచూచుటకు ఒక గడియారము, విప్పనిచ్చు తల్లి యుండిన చాలునని మేము తలంచుచున్నాము.