క్రీడావీరుడు కర్నల్ సి. కె. నాయుడుగారు

విద్యాలయములకు కీర్తి తెచ్చువారు మూడు తెగలవారు. పాఠములను చక్కగా నేర్చి పరీక్షలయందు ప్రథమస్థానము నార్జించువారు మొదటి తెగ. ఉద్యోగములందును, వర్తకమునందును వృద్ధి చెంది, తాము చదివిన బడిని మరువక దానికి ధనసహాయము చేయువారు రెండవ తెగ. ఆటస్థలమున చెమటోడ్చి బడి పేరును పదిమంది నోట పలికించువారు మూడవ తెగ. మొదటి రెండు తెగలవారి పేరులు గోడపై పలకలయందు చెక్కబడును. మూడవ తెగవారి పేరులో, వారు బడి విడిచిన రెండు మూడేండ్లకే మరపున పడుచున్నవి. గెలిచిన వెండి కప్పు అలమారులో మెరయుచునే యుండును గాని, దానిని గెలిచిన బాలుడెవ్వడో చెప్పగలవారు కానరారు. ఇది న్యాయము కాదు. కావున ఒక మిషను కళాశాల యాటస్థలమునుండి బయలుదేరి, భారతదేశపు తొలి టెస్టు క్రికెట్టు జట్టునకు నాయకుడైన తెలుగుబిడ్డ చరిత్రమును మన విద్యార్థినీ విద్యార్థుల యెదుట నుంచుచున్నాను.

నాగపురము తెలుగుదేశమునకు వెలుపల నున్నను, అచ్చట తెలుగు కుటుంబములు చిరకాలమునుండి స్థిరపడియున్నవి. 1845వ సంవత్సరమున స్టీఫెన్ హిస్లాపు అను స్కాట్లండు దేశపు మిషనరీ ఆ పట్టణమునకు వచ్చి, మరుసటి యేట నొక పాఠశాలను స్థాపించెను. ఆయన సువార్తికుడు మాత్రమే కాడు. శిలలను, శిలాజములను పరీక్షించిన శాస్త్రజ్ఞుడు. గోండుజాతివారి కథలను, ఆచారములను ఓర్పుతో సేకరించిన పరిశ్రమశీలి. 1863లో ఏరు దాటుచు ప్రవాహమున పడి ఆయన మృతినొందెను. ఇరువది యేండ్లు గడచిన పిమ్మట, 1883లో, ఆయన పేరిట నాగపురమున హిస్లాపు కళాశాల వెలసినది. విత్తనము నాటినవాడు ఫలమును చూడలేదు. అయినను ఆ చెట్టు నీడన పెరిగిన బాలురు వేలకొలదిగ నుండిరి. వారిలో నొకరు కొఠారి కనకయ్య నాయుడుగారు. లోకము వారిని సి. కె. నాయుడనియే యెరుగును.

నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. వారి తాతగారగు నారాయణస్వామి నాయుడుగారు న్యాయవాది, భూస్వామి. తండ్రిగారగు సూర్యప్రకాశరావు నాయుడుగారు ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించినవారు. ఇట్టి సంపన్న గృహమున పుట్టిన బాలుడు సోమరియై కాలము గడపిన నడుగువారుండరు. కాని కనకయ్య నాయుడుగారు హిస్లాపు పాఠశాలయందును, పిదప హిస్లాపు కళాశాలయందును చదువుచు, బాల్యమునుండియే క్రికెట్టును నేర్చిరి. ఆ కాలమున క్రికెట్టు దొరల యాట, సంస్థానాధీశుల యాట అని ప్రతీతి. దానిని రాజభవనముల ప్రక్కనుండి బడిపిల్లల చేతికి తెచ్చిన వానిలో విద్యాలయముల యాటస్థలములు ముఖ్యమైనవి. నాయుడుగారు ఎత్తరి, నిటారుగ నడచువారు, పుష్టి గలవారు. వారు బ్యాటు పట్టిన బంతి దూరముగ పోవును. బంతి విసరిన ఎదుటివాడు తడబడును. మైదానమున నిలిచిన పరుగు దొంగిలింప నెవ్వరికిని ధైర్యము చాలదు.

1916లో బొంబాయి పందెములయందు హిందువుల జట్టు పక్షమున వారు తొలిసారిగ పెద్ద యాట నాడిరి. ఎదుటివారు ఐరోపీయులు. జట్టులో ఏడుగురు అప్పటికే ఓడి వెనుదిరిగియుండిరి. ఇరువదియొకటవ యేట నడుగిడిన ఆ యువకుడు మొదటి మూడు బంతులను నెమ్మదిగ నాపి, నాలుగవ బంతిని సరిహద్దు నవతల పడునట్లు కొట్టి ఆరు పరుగులు గడించెను. పెద్దల యాటలో వారు చేసిన మొదటి పరుగులవియే. ఆ పందెములయందు జట్లు మతములవారీగ విభజింపబడియుండుట నేడు మనకు వింతగ తోచును. కాలక్రమమున ఆ పద్ధతి విమర్శల పాలై 1946 నాటికి అంతరించినది.

1923లో ఇందూరు సంస్థానాధీశుడగు తుకోజీరావు హోల్కారు మహారాజు నాయుడుగారిని తన సంస్థానమునకు ఆహ్వానించెను. వారు హోల్కారు సైన్యమున ఉద్యోగము పొంది కర్నలు బిరుదము వహించిరి. ఆటగాడు ఎంత ప్రతిభావంతుడైనను, కుటుంబపోషణకు జీవనాధారము లేనిచో ఆట సాగదు. ధర్మవరము పట్టుచీర కట్టినవారిని ఎల్లరు చూచి మెచ్చుకొందురే కాని, మగ్గము గుంటలో కూర్చుండి నేసిన చేతులను తలపరు. క్రీడాకారుని వెనుక నిలిచిన పోషకుల స్థితియు నట్టిదే. నాయుడుగారి కీర్తిలో తుకోజీరావు మహారాజునకును, అంతకు ముందు బడిని నెలకొల్పిన హిస్లాపునకును భాగము కలదు.

1926 డిసెంబరు 1వ తేదీన నాయుడుగారి పేరు దేశమంతట మారుమ్రోగినది. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఇంగ్లండునుండి వచ్చిన యం. సి. సి. జట్టు బొంబాయి జింఖానా మైదానమున హిందువుల జట్టుతో నాడుచుండెను. నాయుడుగారు రెండు గంటల కాలము నిండకుండగనే 153 పరుగులు చేసిరి. అందు పదునొకండు సిక్సర్లు, పదుమూడు ఫోర్లు. వార్త విని జనము కార్యాలయములను, అంగళ్లను విడిచి మైదానమునకు పరుగెత్తిరి. చెట్లయందును మేడలపైనను చోటు చాలకపోయెను. అతిథులగు యం. సి. సి. వారు మెచ్చి వెండి బ్యాటును బహూకరించిరి. భారతీయులు ఇంగ్లండు జట్టుతో సమానముగ నాడగలరను నమ్మకమునకు ఆ దినమున బలము చేకూరినది. రెండేండ్లకు, 1928 డిసెంబరులో, భారత క్రికెట్టు నియంత్రణ మండలి ఏర్పడెను.

1932లో భారత జట్టు ఇంగ్లండునకు ప్రయాణమయ్యెను. ఆనాటి వాడుక ననుసరించి నాయకుడుగ పోర్‌బందరు మహారాజును, ఉపనాయకుడుగ లింబ్డీ రాజకుమారుని నియమించిరి. పోర్‌బందరు మహారాజు తన శక్తి యెంతయో తెలిసినవాడు. పెద్ద యాటకు తగినవాడను కానని గ్రహించి ఆయన ప్రక్కకు తొలగెను. లింబ్డీ కుమారుడు గాయపడి ఆడలేకపోయెను. అందువలన రాజవంశమున పుట్టని నాయుడుగారు నాయకులైరి. వారి క్రమశిక్షణ కఠినము. అది జట్టులో కొందరికి రుచింపలేదు. అయినను నాయుడుగారు తమ పద్ధతిని మార్చుకొనలేదు. తనకంటె సమర్థునికి చోటిచ్చిన మహారాజు వినయమును, అసమ్మతి నడుమ బాధ్యతను మోసిన నాయకుని ధైర్యమును రెండును గౌరవింపదగినవే.

1932 జూను 25వ తేదీన లండనునందలి లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టు ఆట ఆరంభమయ్యెను. పందొమ్మిది పరుగులకే ఇంగ్లండువారి మూడు వికెట్లు పడినవి. చూపరులు నివ్వెరపోయిరి. బంతి నాపుచు నాయుడుగారు చేతికి దెబ్బ తగిలించుకొనిరి. ఆ నొప్పితోనే బ్యాటు పట్టి 40 పరుగులు చేసిరి. ఆ ఇన్నింగ్సులో మన జట్టున అదియే అత్యధికము. ఆట 158 పరుగుల తేడాతో ఇంగ్లండువారిదే యయ్యెను. కాని మన జట్టు తలవంచుకొని తిరిగి రాలేదు. ఆ పర్యటనమున ప్రథమశ్రేణి ఆటలయందు నాయుడుగారు 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసిరి. బర్మింగ్‌హామున వారు కొట్టిన బంతి యొకటి ప్రక్కనున్న రీ నదిని దాటి పడెననియు, ఆ నది నాడు రెండు కౌంటీలకు ఎల్లయై యుండెననియు నేటికిని చెప్పుకొందురు. విజ్డెన్ అను ప్రసిద్ధ వార్షిక గ్రంథము 1933లో వారిని ఆ యేటి ఐదుగురు శ్రేష్ఠ క్రీడాకారులలో నొకరిగ నెన్నుకొనెను.

1933 డిసెంబరులో స్వదేశమున జరిగిన మొదటి టెస్టునకును వారే నాయకులు. బొంబాయిలో జరిగిన ఆ యాటలో యువకుడగు లాలా అమరనాథు 118 పరుగులు చేసి, టెస్టులలో భారతదేశమునకు తొలి శతకమును సంపాదించెను. ఆవలి కొనను నిలిచి 67 పరుగులు చేయుచు అతనికి ఊతమిచ్చినవారు నాయుడుగారు. తాను వెలుగుటయే కాక ఇతరులను వెలుగనిచ్చువాడే నాయకుడు.

1936లో మరల ఇంగ్లండు ప్రయాణము వచ్చినపుడు నాయకత్వము వారికి దక్కలేదు. ఆటలో వారికి సాటిరాని విజయనగర మహారాజకుమారునకు అది లభించెను. నాయుడుగారు సామాన్యపు ఆటగాడుగ మూడు టెస్టులును ఆడిరి. ఓవల్ మైదానమున జరిగిన కడపటి టెస్టులో 81 పరుగులు చేసిరి. టెస్టులలో వారి యత్యధిక స్కోరు ఇదియే. వారి చివరి టెస్టు ఇన్నింగ్సును ఇదియే. అవమానమునకు వారు బ్యాటుతోనే సమాధానము చెప్పిరి.

ఏడు టెస్టులలో 350 పరుగులు మాత్రమే చేసిన వ్యక్తి ఇంతటి పేరు పొందుట యేలయని కొందరు బాలురు అడుగవచ్చును. మన దేశము టెస్టు లాడ మొదలిడునప్పటికే నాయుడుగారికి ముప్పదియారేండ్లు నిండినవి. ఆ కాలమున ఆటలును అరుదు. ప్రథమశ్రేణి ఆటల లెక్కను చూచినచో వారు 11,825 పరుగులు చేసి, 411 వికెట్లు తీసినట్లు కనబడును. అంతకంటె ముఖ్యము, వారు క్రికెట్టును విడువని దీర్ఘకాలము. రంజీ పోటీలయందు వారు నడపిన హోల్కారు జట్టు 1945 మొదలు 1953 వరకు నాలుగు పర్యాయములు విజేతయయ్యెను. 1946లో జరిగిన అంతిమ పందెమున, ఏబది యేండ్లు దాటిన పిమ్మట, బరోడాపై 200 పరుగులు చేసిరి. 1952లో బొంబాయి జట్టుతో ఆడుచుండగా దత్తూ ఫడ్కరు విసరిన బంతి మూతికి తగిలి రెండు పండ్లు ఊడినవి. అప్పటికి వారికి ఏబదియారేండ్లు. ఊడిన పండ్లను ప్రక్కకు త్రోసి, వైద్యునికై ఎదురుచూడక, ఆటను కొనసాగించి 66 పరుగులు చేసిరి.

1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించిన తరుణమున, క్రొత్తగ రంజీ పోటీలయందు ప్రవేశించిన ఆంధ్ర జట్టునకు వారు నాయకత్వము వహించిరి. అనుభవము లేని బాలుర నడుమ అంతటి కీర్తిమంతుడు నిలుచుట ఆ జట్టునకు పెన్నిధి యయ్యెను. 1956లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో వారిని సత్కరించెను. అరువదియొకటవ యేట ఉత్తరప్రదేశ్ పక్షమున రాజస్థానముపై 84 పరుగులు చేసిరి. 1963లో, అరువదియెనిమిదవ యేట, రక్షణనిధి కొరకై జరిగిన ఆటతో వారి ప్రథమశ్రేణి క్రీడాజీవితము ముగిసెను. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరున స్వర్గస్థులైరి. 1973లో వారి పేరిట యువకుల పోటీ ఆరంభమయ్యెను. 1994లో క్రికెట్టున జీవితకాల సేవకు పురస్కారము నెలకొల్పబడెను.

విద్యార్థులారా! ఈ చరిత్రము మనకు దూరమైనది కాదు. 2024 సెప్టెంబరున దులీప్ ట్రోఫీ ఆటలు మన అనంతపురమున జరిగినవి. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల బాలురు దేశపు పేరుగల ఆటగాండ్రను చేరువనుండి చూచు భాగ్యము పొందిరి. అయినను పరీక్షలు సమీపించగనే ఆటల గంటను తీసివేయు నలవాటు అనేక బడులలో కనబడుచున్నది. తలిదండ్రులును బిడ్డ మైదానమున నున్నాడనిన చెడిపోవుచున్నాడని తలచుచున్నారు. బాలికలకైతే ఆ యాటస్థలపు వాకిలియే తెరువబడుట అరుదు. హిస్లాపు విద్యాలయమున కనకయ్య నాయుడను బాలునకు సాయంకాలపు ఆట నిరాకరింపబడియుండినచో, లార్డ్సు మైదానమున మన దేశము నెవ్వరు నడపియుందురో యోచింపుడు.

తలాంతుల యుపమానమున ప్రభువు, తనకియ్యబడిన దానిని భూమిలో దాచిన దాసుని మెచ్చుకొనలేదు. దేహబలమును దేవుడిచ్చిన తలాంతే. అపొస్తలుడగు పౌలును విశ్వాసిజీవితమును పరుగుపందెముతో పోల్చియున్నాడు. కావున పూర్వపు ఆటగాండ్రను గౌరవించుట యనగా వారికి పూలదండ వేసి పంపుట మాత్రమే కాదు. వారి పేరులను బడి గోడపై వ్రాయుట, వారి వెనుక నిలిచిన పోషకులను కృతజ్ఞతతో స్మరించుట, వారాడిన నేలను ముండ్లు మొలవనీయక కాపాడుట, రేపటి బాలబాలికలకు ఆ నేలపై ఒక గంట కాలము నిచ్చుట, ఇవియే నిజమైన సన్మానము. దెబ్బ తగిలినను మరలని ధైర్యము, పదవి పోయినను తగ్గని శ్రద్ధ, చిన్న జట్టునైనను చిన్నచూపు చూడని వినయము మన విద్యార్థులకు అలవడునుగాక.