ఆలోయిస్ అల్జీమరు

మన రావులపాలెములో వృద్ధు డొకడు అరటిగెలల మార్కెట్టునకు బోయి, ఇంటిదారి తెలియక నిలిచిపోయినచో, వయసు మీఱినది గదా యని చూచినవారు జాలిపడుదురు. వైద్యునియొద్దకు గొనిపోయినను తఱచుగ దొరకు సమాధాన మదియే. అట్టి మఱపునకు మెదడులోని వ్యాధి కారణము గావచ్చునని చూపిన వైద్యుని పేరు నేడు రోగముపేరై యందఱి నోటను నున్నది. ఆయన రోగియెదుట నెట్లు కూర్చుండెనో యెఱిగినవారు మాత్ర మరుదు.

ఆలోయిస్ అల్జీమరు 1864వ సంవత్సరము జూను 14వ తేదీని జర్మనీలోని బవేరియా రాష్ట్రమున, మార్క్‌ట్‌బ్రైట్ అను చిన్న పట్టణములో జన్మించెను. తండ్రి నోటరీ. బెర్లిను, వుర్ట్స్‌బుర్గు, ట్యూబింగెను నగరములలో వైద్యము చదివి, చెవిలో గులిమిని పుట్టించు గ్రంథులను గూర్చి వ్యాసము వ్రాసి 1887లో పట్టము పొందెను. (ఇంతటి కీర్తికి గులిమియా మొదలని మన విద్యార్థులు నవ్వుకొనవచ్చును.)

1888లో ఫ్రాంక్‌ఫర్టు మానసిక వైద్యశాలలో చేరెను. అచ్చటి యధిపతి సియోలీ. రోగులను గట్టిపెట్టు పద్ధతిని తగ్గించి, గోరువెచ్చని నీటి స్నానములును సంభాషణమును వారు విరివిగ వాడిరి. మఱుసటియేట నిస్సల్ అను వైద్యు డచ్చటికి వచ్చి ప్రాణస్నేహితు డయ్యెను. పగలు రోగులయొద్ద, రాత్రి సూక్ష్మదర్శినియొద్ద వారికి కాలము గడచుచుండెను.

1901వ సంవత్సరారంభమున భార్య మరణించెను. ముగ్గురు బిడ్డలు మిగిలిరి. ఆ యేడే నవంబరు 25వ తేదీని ఆగస్టే యను 51 ఏండ్ల యామెను వైద్యశాలకు దెచ్చిరి. భర్త రైల్వే గుమాస్తా. మొదట ఆమె భర్తను అకారణముగ ననుమానించినది; పిమ్మట వంట చెడినది, వస్తువులు దాచి మఱచినది. మఱునాడు అల్జీమరు ఆమెయెదుట గూర్చుండి, పేరేమి, భర్తపేరేమి యని యడిగి, వచ్చిన ప్రతి మాటను వచ్చినట్లే వ్రాసికొనెను. పెన్సిలు, కలము, డబ్బుసంచి, తాళపుచెవి, చుట్ట మొదలగువానిని జూపగా ఆమె పేర్లు సరిగా జెప్పెను. కొంతసేపటికి, చూపినవేవో చెప్పలేకపోయెను. పేరు వ్రాయుమనిన మొదటి మాట వ్రాసి, తక్కినది మఱచెను. మాంసమును గోబిపువ్వును దినుచు, తినుచున్నది పాలకూర యనెను. ఇందులో ఖరీదైన యంత్ర మేదియు లేదని చదువరులు గమనింపవలెను. కావలసినది ఒక కుర్చీ, కొంత తీరిక.

పిదప నాయన హైడల్‌బర్గు మీదుగా 1903లో మ్యూనిచ్ చేరి, సుప్రసిద్ధుడగు క్రెపెలినునొద్ద పనిచేసెను. అచ్చట కొంతకాలము జీతము సైతము లేదు. 1906 ఏప్రిలులో ఆగస్టే చనిపోగా, ఆమె మెదడును దెప్పించి పరీక్షించి, కణములలో చిక్కుపడిన పోగులను, కణముల వెలుపల పేరుకొనిన మచ్చలను గనుగొనెను. నవంబరు 3వ తేదీని ట్యూబింగెను సభలో చదివినపు డొక్కరును ప్రశ్న వేయలేదట! 1910లో క్రెపెలిను తన గ్రంథమున ఆ వ్యాధికి శిష్యుని పేరు పెట్టెను. ఐనను అది నడివయసువారికే వచ్చునని చిరకాలము తలచిరి. ముసలివారి మఱపులో నధికభాగ మదియేయని కాట్జ్‌మన్ అను అమెరికా వైద్యుడు 1976లో నొక్కి చెప్పవలసి వచ్చెను.

అల్జీమరు 1912లో బ్రెస్లావు నగరమున ఆచార్యపదవికి బోవుచు జబ్బుపడి, 1915 డిసెంబరు 19వ తేదీని మరణించెను. ఆగస్టే వైద్యశాలకు వచ్చిననాటి వయసే, 51 ఏండ్లే, ఆయనకును. పోయినదనుకొన్న ఆమె కాగితముల కట్ట 1995లో ఫ్రాంక్‌ఫర్టున దొరకినది.

నేటి వైద్యులకు మార్గదర్శక సూత్రములు పుష్కలముగ గలవు. రోగిని, ఇంటివారిని వేర్వేఱుగ నడుగుమనియు, థైరాయిడు, బి12 లోపములను, మనోవ్యాకులతను, వాడుచున్న మందులను ముందుగ విచారింపుమనియు, రోగి కలత జెందెనని వెంటనే మత్తుమందు వ్రాయవలదనియు నవి చెప్పును. గ్రంథమున నున్నది గదికి రాదేమి? వాకిట నలుబదిమంది వేచియుండగా అరగంట ఒక్కరికే యిచ్చుట కష్టము. ఇది వైద్యుని దోషమని నే ననను. కాని యుపాయము లున్నవి. నర్సు ప్రశ్నలడిగి వ్రాసి యుంచవచ్చును. మిగిలినవానికి మఱియొక దినము పిలువవచ్చును. భాష యడ్డమనుట కిపుడు వీలులేదు. హైదరాబాదు నిమ్సు వైద్యశాలవారు కేంబ్రిడ్జిలో బుట్టిన జ్ఞాపకపరీక్షను తెనుగునకు దగినట్లు మార్చిరి. భారతీయ వైద్య పరిశోధన మండలివారు ఐదు భాషలలో జేసిన పరీక్షలలో తెనుగొకటి. ఎన్నడును కలము పట్టని ముత్తవకు పేరు వ్రాయలేకపోవుట వ్యాధిచిహ్నము గాదు. ఆమె చదువెంతయో ముందడిగి, తాళపుచెవియు రూపాయినాణెమును జూపి యడుగవలెను.

ఆ సూత్రములలో ఇంకొక ప్రశ్న యున్నది. అది రోగిని గూర్చినది గాదు. వెంట వచ్చిన కోడలు రాత్రులు నిద్రపోవుచున్నదా యని.