ఊస్టర్ వీధిలో ఆరని పొయ్యి



పిజ్జా అనే మాట ఈనాడు మన పట్టణాలలోని పిల్లలకు కొత్త కాదు. పుట్టినరోజు వచ్చిందంటే అడిగి మరీ తెప్పించుకుంటారు. కాని ఒకప్పుడు అది దక్షిణ ఇటలీలో బీదల ఆకలి తీర్చిన రొట్టె. ఆ రొట్టెను అమెరికా ప్రజలకు రుచి చూపించిన వలస కుటుంబాలలో ఫ్రాంక్ పెపే గారి కుటుంబం ఒకటి. ఆ కుటుంబం ఎలా నిలదొక్కుకున్నదో ఈ వారం తెలుసుకుందాం.

ఫ్రాంక్ 1893వ సంవత్సరంలో మయోరి అనే ఊరిలో జన్మించారు. అది నేపుల్స్ నగరానికి దక్షిణాన, అమాల్ఫీ తీరంలో ఉన్నది. ఒక ప్రక్క కొండలు, మరొక ప్రక్క సముద్రం, కొండవాలున నిమ్మతోటలు. సముద్ర మరియమాత పేరిట పెద్ద దేవాలయం కూడా ఆ ఊరిలో ఉన్నది. చూడటానికి అందమైన ఊరే గాని, భూమి లేని బీదవానికి అక్కడ బ్రతుకుతెరువు లేదు. అందుచేత 1909లో, 16 ఏళ్ల వయస్సులో, ఫ్రాంక్ ఓడ ఎక్కి అమెరికా చేరారు. చేతిలో డబ్బు లేదు, చదువు లేదు. ఉన్నదల్లా ఒంట్లో బలం.

కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ నగరంలో ఆయనకు ఫ్యాక్టరీ పని దొరికింది. అప్పటికే అక్కడి ఊస్టర్ వీధి చుట్టుప్రక్కల ఇటలీ వారు వేల సంఖ్యలో స్థిరపడ్డారు. వారి కోసం 1889లోనే పునీత మిఖాయేలు పేరిట ఒక విచారణ ఏర్పడింది. పరాయి దేశంలో సొంత భాష వినిపించే చోటు అదొక్కటే అయిన కుటుంబాలు ఎన్నో.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఫ్రాంక్ స్వదేశం వెళ్లి ఇటలీ తరఫున పోరాడారు. యుద్ధం ముగిశాక తన ఊరి అమ్మాయి ఫిలోమినా వోల్పీని వివాహం చేసుకొని, 1920లో ఆమెతో కలిసి మరలా న్యూహేవెన్ వచ్చారు.

మొదట మాకరోనీ తయారుచేసే చోట, తరువాత ఒక బేకరీలో ఆయన పనిచేశారు. ఇక్కడే ఆయనకు చిక్కు ఎదురైంది. ఆ రోజుల్లో బ్రెడ్డును ఇంటింటికీ చేరవేసి, ఎవరికి ఎంత ఇచ్చినదీ, ఎవరి దగ్గర ఎంత రావలసినదీ వ్రాసి పెట్టుకోవాలి. ఇంగ్లీషు చదవడం, వ్రాయడం రాని ఫ్రాంక్‌కు ఈ లెక్కలు కొరుకుడు పడలేదు. ఒళ్లు వంచి పనిచేసేవానికి కూడా అక్షరం రాకపోతే కష్టం ఎంతటిదో ఆయన అనుభవించారు.

అయినా నిరాశపడలేదు. రొట్టె పిండిని పలుచగా సాగదీసి, పైన టమాటా, తురిమిన చీజు, వెల్లుల్లి, ఆలివు నూనె వేసి కాల్చి, వాటిని నెత్తిన పెట్టుకొని ఊస్టర్ చౌరస్తా మార్కెట్‌లో తిరిగి అమ్మసాగారు. చేతికి చేయి, కాసుకు కాసు. ఖాతా వ్రాయవలసిన పని లేదు. కొంత కూడబెట్టి ఒక బండి కొన్నారు. క్రమంగా జనమే ఆయనను వెతుక్కుంటూ రాసాగారు. 1925లో ఊస్టర్ వీధిలోనే భార్యాభర్తలు తమ పిజ్జా హోటలు తెరిచారు.

ఈ విజయంలో ఫిలోమినా గారి పాలు చిన్నది కాదు. ఆమె ఇంగ్లీషు నేర్చుకున్నారు. భర్తకు అందని చదువు తాను అందుకొని వ్యాపారానికి అండగా నిలిచారు. ఆయన పొయ్యి దగ్గర, ఆమె వ్యవహారం దగ్గర. ఒకరి లోటును మరొకరు ఎత్తిచూపలేదు, పూడ్చారు.

కాని కష్టం అంతటితో తీరలేదు. హోటలు ఉన్న స్థలం పరులది. వ్యాపారం బాగా సాగుతుండగా స్థలం యజమానులు తామే పిజ్జా హోటలు పెట్టుకోదలచి, ఆయనను ఖాళీ చేయమన్నారు. అమెరికా అంతటా పనులు లేక జనం అల్లాడుతున్న రోజులవి. పెపే దంపతులు వీధి విడిచి పోలేదు. 1936లో ప్రక్కనే ఉన్న పెద్ద భవనానికి మారి, ఇటుకలతో పెద్ద బొగ్గు పొయ్యి కట్టించుకున్నారు. ఆ పొయ్యి వేడికి రొట్టె అంచులు నల్లగా మాడి కరకరలాడుతాయి. ఆ మాడిన రుచికే న్యూహేవెన్ పిజ్జా పేరు పొందింది.

ఆయన దగ్గర పనిచేసిన మేనల్లుడు సాల్వతోరె 1938లో అదే వీధిలో వేరే హోటలు నడపసాగాడు. రెండు హోటళ్లూ పోటీగానే పెరిగాయి, రెండూ నిలిచాయి. 1960ల నడుమ ఆల్చిప్పల మాంసం వేసిన తెల్ల పిజ్జా పెపే హోటలుకు మరింత కీర్తి తెచ్చింది.

ఫ్రాంక్ పెపే గారు 1969లో కన్నుమూశారు. వ్యాపారాన్ని ఇద్దరు కూతుళ్లు, తరువాత మనవలు నడిపారు. తాత ఖాళీ చేయవలసి వచ్చిన ఆ పాత స్థలాన్నే 1981లో కుటుంబం కొనుక్కొన్నది. వేరే ఊరిలో మొదటి శాఖ తెరిచింది 2006లో, అంటే 81 ఏళ్ల తరువాత. అంతకాలం వారు ఒక్క వీధిలోనే, పేరు చెడకుండా చూసుకున్నారు.

మన ఇండ్లలో కూడా చదువు రాదని వెనుకకు తగ్గే తండ్రులు, తమ తెలివి బయటపెట్టే అవకాశం లేని తల్లులు ఉన్నారు. పెపే దంపతుల జీవితం చెప్పేది ఒక్కటే. ఇంటిలో ఒకరికి రానిది మరొకరు నేర్చుకుంటే ఆ ఇంటికి లోటు ఉండదు. ఈ రాత్రి భోజనం దగ్గర కూర్చున్నప్పుడు, మన ఇంటిలో ఎవరి నేర్పును మనం ఇంతకాలం గుర్తించలేదో ఒక్కసారి ఆలోచిద్దాం.