నీలిరంగుతో ఎంజైముల గుట్టు విప్పిన సుబ్బారావు

హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఏటా హెల్త్ చెకప్ చేయించుకునేవారి రిపోర్టులో ‘ఆల్కలైన్ ఫాస్ఫటేజ్’ అనే వరుస ఉంటుంది. కాలేయం, ఎముకల పరిస్థితిని చెప్పే ఎంజైము అది. అణువుల నుంచి ఫాస్ఫేటును తెంచడం దాని పని. సల్ఫేటును తెంచే సల్ఫటేజులు దీనికి వరసకు తమ్ముళ్లు. వాటిలో ఆరిల్‌సల్ఫటేజ్-ఎ పుట్టుకతోనే లోపిస్తే పిల్లల్లో నరాల పైపొర దెబ్బతింటుంది. ఎంజైము కంటికి కనిపించదు. అది తెంచిన ముక్క ఎంతో కొలిస్తే దాని పని తెలుస్తుంది. ఫాస్ఫేటును సులువుగా కొలిచే దారి చూపినవారిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు! మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్ రాలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను కొద్దిరోజుల తేడాతో తీసుకుపోయింది.

1922లో భార్య శేషగిరిని ఇక్కడే వదిలి బోస్టన్ చేరారు. ఆమెను మళ్లీ చూడనేలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేసుకుంటూ చదివారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆ పద్ధతిని ప్రచురించారు. నమూనాలో మాలిబ్డేటు కలిపి, మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. తెలిసిన కొలతతో పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది. ఫాస్ఫటేజ్ ఎంత పనిచేసిందో కూడా ఇలాగే కొలవవచ్చు. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత 1929లో శరీరానికి శక్తినిచ్చే ఏటీపీ ఆ పరిశోధనల్లోనే బయటపడ్డాయి. ఏటీపీని అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా గుర్తించారు.

ఇంత చేసినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందైంది. మన ఊళ్లలో బోదకాలుకు పంచే డీఈసీ మాత్ర కూడా అక్కడిదే. పిల్లల రక్తక్యాన్సర్‌పై 1948లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్ కూడా ఆ బృందం చేసిందే. ఆ ఏడాది ఆగస్టులో 53వ ఏట సుబ్బారావు కన్నుమూశారు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి డాక్టర్లు దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోమంటారు, దుష్ప్రభావాలు తగ్గడానికి తోడుగా ఫోలిక్ యాసిడ్ రాస్తారు. ఆ చీటీలోని రెండు మందులూ ఆయన ల్యాబ్ నుంచి వచ్చినవే.